సొంత వేగం సరే, సొంత సమయమేది?

(సర్కారు బడి టీచర్లు, విద్యార్థులు, ఉద్యోగులు హాజరైన సభలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడి ప్రసంగ పాఠం)



విద్యాశాఖ ఉత్తర్వుల్లో కొన్నేండ్లుగా ఒక మాట మళ్ళీ మళ్ళీ వినపడుతున్నది. సెల్ఫ్ పేస్డ్ ట్రైనింగ్. ఎవరి వేగంతో వాళ్ళు నేర్చుకునే శిక్షణ అని అర్థం. కంప్యూటర్, స్మార్ట్ ఫోన్, స్మార్ట్ బోర్డు, ఇప్పుడు కొత్తగా ఏఐ. వీటిని తరగతి గదిలో ఎట్లా వాడాలె అన్నది టీచరు తన ఫోన్లోనే వీడియోలు చూసి నేర్చుకోవాలె. ఎప్పుడు తీరితే అప్పుడు చూడొచ్చు, ఎక్కడ తీరితే అక్కడ చూడొచ్చు. చివర్న పది ప్రశ్నలకు జవాబు పెడితే సర్టిఫికెట్ వస్తది. వినడానికి ఎంత బాగున్నది!

ఈ సభలో టీచర్లే కాదు, విద్యార్థులున్నారు, వేరే శాఖల ఉద్యోగులున్నారు. టీచర్ల ట్రైనింగుతో మాకేం పని అని వాళ్ళు అనుకోవద్దు. ఇయ్యాల టీచరుకు వచ్చిన పద్ధతి రేపు నర్సుకు వస్తది, పంచాయతీ కార్యదర్శికి వస్తది, అంగన్‌వాడీ టీచరుకు వస్తది. కొందరికి ఇప్పటికే వచ్చింది. సర్కారు బడిలో చదివే పిల్లల భవిష్యత్తు కూడ దీనితోనే ముడిపడి ఉన్నది. కార్పొరేట్ బడికి పోయే పిల్లవానికి ఇంట్లో ల్యాప్‌టాప్ ఉంటది. మన బడికి వచ్చే కూలి బిడ్డకు టెక్నాలజీని పరిచయం చేసే మనిషి టీచరొక్కరే. ఆ టీచరుకే సరిగ్గ రాకపోతే ఆ పిల్ల ఎవరిని అడగాలె?

పాత పద్ధతి గొప్పదేం కాదు

ముందుగ ఒక మాట సూటిగ చెప్పుకుందాం. నేను ఈ పద్ధతికి వ్యతిరేకిని కాదు. పాత ట్రైనింగులు ఎట్లుండేవో ఈడ ఉన్న సీనియర్లందరికీ యాదికుంటది. రాష్ట్రంలో కొందరికి చెప్తారు, వాళ్ళు జిల్లాలో చెప్తారు, జిల్లా వాళ్ళు మండలంలో చెప్తారు. చేతులు మారుతున్న కొద్దీ కుండలో నీళ్ళు ఒలికినట్టు ఒలికి, మండలానికి వచ్చేసరికి కుండ మాత్రమే మిగిలేది. మే నెల ఎండల్లో, ఫ్యాన్ తిరగని గదిలో వంద మందిని కూసోబెట్టి ఒక్క కంప్యూటర్ చూపిస్తే, వెనక బెంచీలో ఉన్నోళ్ళకు కనపడేది ముందున్నోళ్ళ వీపులే. చంటిపిల్ల తల్లులైన టీచర్లు ఐదు రోజులు మండల కేంద్రానికి తిరగలేక ఎంత గోస పడ్డరో నాకు తెలుసు.

వాటితో పోలిస్తే ఫోన్లో పాఠం మేలే. అర్థం కాకపోతే వెనక్కి తిప్పి మళ్ళీ చూడొచ్చు. అడగడానికి సిగ్గుపడే పెద్ద వయసు టీచరు ఎవరూ చూడకుండ నాలుగుసార్లు చేసి నేర్చుకోవచ్చు. తెలిసిన భాగాన్ని వదిలి తెలియని దగ్గరికి పోవచ్చు. ఒక్కొక్కరిదీ ఒక్కో వేగమన్నది టీచర్లకు కొత్త సంగతి కాదు. మన తరగతిలో నలభై మంది పిల్లలుంటే నలభై వేగాలుంటయి. అందరినీ ఒక్క తీరుగ నడపొద్దని పిల్లల విషయంలో మనమే చెప్తం. అదే సూత్రం టీచరుకు వర్తింపజేస్తే కాదనేదెవరు?

నా పేచీ సూత్రంతో కాదు. పేరు సొంత వేగమని పెట్టి, గడువు మాత్రం సర్కారుది పెట్టడంతోనే పేచీ. సొంత వేగమంటే సొంత సమయం కావాలె, సొంత ఎంపిక కావాలె. చేతిలో పనిముట్టు కావాలె, తెలిసిన భాష కావాలె, పక్కన అడగడానికి ఒక మనిషి కావాలె. ఈ ఐదు లేనిచోట సొంత వేగమన్నది సర్కారు తన ఖర్చును టీచరు జేబు మీదికి, తన బాధ్యతను టీచరు నెత్తి మీదికి తోసే ఉపాయం. ఇయ్యాల నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే.

యాభై ఏండ్ల ముచ్చట

టీచర్లకు యంత్రం ద్వారా పాఠం చెప్పడం నిన్నమొన్న మొదలైంది కాదు. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై దాక సైట్ అనే ప్రయోగం నడిచింది. అమెరికా ఉపగ్రహం ఒకదాన్ని ఏడాది పాటు అరువు తీసుకొని ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 ఊర్లకు టీవీ కార్యక్రమాలు పంపిన్రు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఆ ఆరింటిలో ఒకటి. ఆ ప్రయోగంలోనే వేలాది ప్రాథమిక బడి టీచర్లకు సైన్స్ బోధనలో శిక్షణ ఇచ్చిన్రు. అప్పుడు టీవీని ఒంటరిగ వదలలేదు. టీవీతో పాటు రేడియో ఉన్నది, అచ్చు పుస్తకం ఉన్నది, చేసి చూసే ప్రయోగాలున్నయి, టీచర్లను ఒకచోట కూసోబెట్టి చర్చ నడిపే మనుషులున్నరు. యాభై ఏండ్ల కింద, ఊరికొక టీవీ కూడ లేని కాలంలోనే, యంత్రం పక్కన మనిషి ఉండాలె అన్న సోయి ఉన్నది. ఇయ్యాల ప్రతి చేతిలో ఫోనున్నది గని ఆ సోయి పోయింది.

ఇంకో ముచ్చట. 2008లో ఉమ్మడి రాష్ట్రంలో ఐదు వేల ఉన్నత పాఠశాలలకు కంప్యూటర్ చదువు తెచ్చిన్రు. దానికి 'బూట్' పద్ధతి అని పేరు. ప్రైవేటు కంపెనీ ల్యాబ్ కట్టి, తన పేరు మీదనే పెట్టుకొని, ఐదేండ్లు నడిపి, ఆఖరికి బడికి అప్పగిస్తది. పాఠం చెప్పడానికి కంపెనీ తక్కువ జీతానికి ఇన్‌స్ట్రక్టర్లను పెట్టుకున్నది. బడిలో ఉన్న లెక్కల సారుకు, సైన్స్ మేడముకు ఆ గదితో సంబంధం లేకుండ పోయింది. ఐదేండ్లు నిండినయి. ఒప్పందం ముగిసింది, ఇన్‌స్ట్రక్టర్ల కొలువులు పోయినయి. ఎన్నో బడుల్లో ఆ గది తలుపుకు తాళం పడ్డది. బూటు కంపెనీ కాలికి సరిపోయింది, బడి కాలికి సరిపోలేదు.

ఈ అనుభవం చెప్పేదేమిటి? పిల్లలకు నిత్యం పాఠం చెప్పే టీచరు చేతికి రాని టెక్నాలజీ బడిలో నిలవదు. పెట్టెలు కొనుడు సులువు. టెండరు పిలిస్తే రెండు నెలల్లో వస్తయి. టీచరును తయారు చేసుడు కష్టం. అది టెండరుతో వచ్చేది కాదు.

దీక్ష, నిష్ఠ: పేర్లు పెద్దవే

ఇప్పటి సంగతికి వద్దాం. 2017 సెప్టెంబర్ 5న, టీచర్ల దినోత్సవం రోజున, కేంద్రం దీక్ష అనే వేదికను ప్రారంభించింది. మన పాఠ్యపుస్తకాల్లో కనపడే క్యూఆర్ కోడ్‌ను ఫోనుతో స్కాన్ చేస్తే తెరుచుకునేది దీని పాఠాలే. 2019 ఆగస్టులో నిష్ఠ పేరుతో దేశంలోని సుమారు 42 లక్షల ప్రాథమిక స్థాయి టీచర్లకు శిక్షణ మొదలుపెట్టిన్రు. మొదట ముఖాముఖి తరగతులే. 2020లో కరోనా వచ్చి బడులు మూతపడ్డంక దాన్ని ఆన్‌లైన్ చేసి దీక్షలో పెట్టిన్రు. ఆ ఏడాది జూలైలో ఆన్‌లైన్ నిష్ఠను మొట్టమొదట ఆంధ్రప్రదేశ్‌కు చెందిన 1,200 మంది కీలక శిక్షకులతోనే ప్రారంభించిన్రు. అక్టోబర్ నుంచి దేశమంతా నడిపిన్రు. మొత్తం 18 కోర్సులు. బోధనలో, మూల్యాంకనంలో కంప్యూటర్ సాంకేతికతను కలపడం మీద కూడ ఒక కోర్సు పెట్టిన్రు.

కరోనా కాలంలో అంతకన్నా మార్గం లేదు, ఒప్పుకుందాం. ఆ కోర్సుల్లో మంచివి లేవని కూడ నేననను. అయితే లెక్క చూడండి. 18 కోర్సులు మూడు నెలల్లో అయిపోవాలె. పదిహేను రోజులకు మూడు చొప్పున తెరుస్తరు. అంటే ఐదు రోజులకొక కోర్సు. పైన రాసింది సొంత వేగమని. కింద నడిచింది రైలు టైంటేబుల్. పైగా ఏ జిల్లా ఎంత శాతం, ఏ మండలం ఎంత శాతం అని వెనకబడ్డోళ్ళ జాబితాలు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతయి. జాబితాలో పేరొస్తే తలవంపులు. అప్పుడు టీచరు ఏం చేస్తడు? వంటింట్లో ఫోను పెట్టి వీడియో నడిపిస్తడు. అది దాని మానాన మాట్లాడుతుంటే ఈయన కూరగాయలు తరుగుతుంటడు. చివర్న ప్రశ్నలకు జవాబులు అప్పటికే గ్రూపులో వచ్చి ఉంటయి. సర్టిఫికెట్ చేతికొస్తది. జిల్లా నూరు శాతమైతది. పై అధికారి మీటింగులో భుజం తట్టించుకుంటడు. పొద్దున తరగతిలో మాత్రం నిన్నటి తీరే.

దీన్ని టీచర్ల బద్ధకమని తోసెయ్యడం సులువు. కాని ఇది బద్ధకం కాదు, చేయించిన తీరుకు వచ్చిన ఫలితం. గడువు, శాతం, జాబితా ఈ మూడింటినే కొలిస్తే ఆ మూడే తయారవుతయి. చదువు తయారు కాదు.

స్వేచ్ఛగ వదిలిపెడితే ఎట్లుంటదో కూడ చూద్దాం. అమెరికాలో హార్వర్డ్, ఎంఐటీ విశ్వవిద్యాలయాలు ఉచిత ఆన్‌లైన్ కోర్సులు పెట్టినయి. వాటి లెక్కలను పరిశీలించిన వ్యాసం 2019లో సైన్స్ పత్రికలో వచ్చింది. 2017-18లో చేరినవాళ్ళలో పూర్తి చేసింది మూడు శాతం పైచిలుకే. డబ్బు కట్టి, పట్టుదలతో చేరినవాళ్ళలో కూడ సగం మంది పూర్తి చెయ్యలేదు. వాళ్ళేం బద్ధకస్తులు కారు. మంచి కంప్యూటర్, మంచి ఇంటర్నెట్ ఉన్నవాళ్ళు చాలామంది అందులో ఉన్నరు. ఒంటరిగ తెర ముందు కూసొని చివరిదాక చదవడం మనిషికి కష్టమని దాని అర్థం. బలవంతంగ చేయిస్తే నూరు శాతం సర్టిఫికెట్లు, వదిలిపెడితే మూడు శాతం పూర్తి. ఈ రెండింటి నడుమ దారి వెతకాలె. ఆ దారికి మొదటి మెట్టు సమయం.

సమయం ఎవరిది?

చట్టం ఏం చెప్తున్నదో చూడండి. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూల్లో టీచరుకు వారానికి 45 గంటల పని అని రాసి ఉన్నది. పాఠం తయారీకి పట్టే గంటలు కూడ ఆ 45లో భాగమేనని అదే వాక్యం చెప్తున్నది. అదే చట్టం 27వ సెక్షన్ జనగణన, విపత్తు సహాయం, ఎన్నికల పనులు తప్ప చదువుకు సంబంధం లేని వేరే పనులు టీచరుకు అప్పగించొద్దన్నది. మన బడుల్లో ఏం నడుస్తున్నది? హాజరు యాప్, మధ్యాహ్న భోజనం లెక్కలు, మరుగుదొడ్డి ఫోటోలు, యూనిఫాం లెక్కలు. ఫోనులో ఇన్ని యాప్‌లు నింపినంక, మిగిలిన జాగలో ట్రైనింగు యాప్ కూడ పెట్టుకో అంటున్నరు.

2020 జాతీయ విద్యా విధానం ప్రతి టీచరుకు ఏటా కనీసం 50 గంటల వృత్తిపర శిక్షణ అవకాశం ఉండాలన్నది. ఇక్కడ ఒక మాట గట్టిగ పట్టుకోవాలె. ఆ శిక్షణ టీచరు సొంత ఆసక్తిని బట్టి నడవాలని ఆ విధానపత్రంలోనే రాసి ఉన్నది. ఆ విధానంతో మనకు వంద పేచీలు ఉండొచ్చు. కాని వాళ్ళు రాసిన వాక్యాన్ని వాళ్ళకే చూపించే హక్కు మనకున్నది. 50 గంటలు గుర్తు పెట్టుకున్నరు, ఆసక్తి సంగతి మరిచిపోయిన్రు.

నేను లెక్కల పంతుల్ని. కొంచెం లెక్క చేద్దాం. ఉన్నత ప్రాథమిక తరగతులకు ఏడాదికి 220 పనిదినాలు. ఆరు రోజుల వారం లెక్కన దాదాపు 37 వారాలు. 50 గంటలను 37తో భాగిస్తే వారానికి గంటా ఇరవై నిమిషాలు. 45 నిమిషాల పీరియడ్లు రెండు పెడితే సరిపోయి, పది నిమిషాలు మిగులుతయి. అంటే వారానికి రెండే రెండు పీరియడ్లు. వాటిని టైంటేబుల్లో 'టీచరు శిక్షణ' అని రాసి గోడకు అంటిస్తే చాలు, 50 గంటలు బడి సమయంలోనే పూర్తయితయి. రాత్రి పదింటికి కండ్లు మూతలు పడంగ వీడియో చూసే బాధ తప్పుతది.

రెండు పీరియడ్లు ఇస్తే తరగతిని ఎవరు చూస్తరని అడుగుతరు. న్యాయమైన ప్రశ్న. ఒక్క టీచరే ఐదు తరగతులు చెప్పే బడిలో రెండు పీరియడ్లు కాదు గదా, రెండు నిమిషాలు దొరకవు. అందుకే టీచర్ల శిక్షణ అంటే ఖాళీ పోస్టుల భర్తీ కూడ. మన రాష్ట్రంలో 2017 నాటి నోటిఫికేషన్ తర్వాత పెద్ద నియామకం 2024లో గాని జరగలేదు. 11,062 పోస్టులకు 2024లో నోటిఫికేషన్ ఇచ్చిన్రు. నడుమ ఏడేండ్లు రిటైరైనోళ్ళు రిటైరవుతనే ఉన్నరు. బడిలో మనిషి లేకుండ మనిషికి శిక్షణ ఎక్కడిది?

ఫోను మనది, బిల్లు మనది, వివరాలు వాళ్ళవి

రెండో సంగతి పనిముట్టు. కేంద్ర విద్యాశాఖ యూడైస్ ప్లస్ లెక్కల ప్రకారం 2023-24లో దేశంలో 57.2 శాతం బడుల్లోనే కంప్యూటర్ ఉన్నది. ఇంటర్నెట్ 53.9 శాతం బడుల్లో ఉన్నది. 2024-25లో అవి 64.7, 63.5 శాతానికి పెరిగినయి. పెరిగినందుకు సంతోషమే. అయినా వందలో ముప్పై అయిదు బడులకు కంప్యూటరే లేదన్నమాట. అక్కడి టీచరు కంప్యూటర్‌తో పాఠం చెప్పుడు ఎట్లనో ఫోన్లో వీడియో చూస్తడు. ఈత ఎట్ల కొట్టాలో ఒడ్డు మీద కూసొని పుస్తకం చదివినట్టు ఉంటది.

ఆ ఫోను కూడ టీచరు సొంతం. రీచార్జి సొంతం. పాత ఫోనులో యాప్ ఎక్కకపోతే కొత్త ఫోను కొనుడు కూడ సొంతమే. కలెక్టరేట్లో గుమాస్తాను కాగితం, కలం ఇంటినుంచి తెచ్చుకొని పని చెయ్యమంటే ఊరుకుంటడా? టీచరును మాత్రం ఊరుకోమంటున్నరు.

ఇంకా పెద్ద సంగతి ఒకటున్నది. 2023 జనవరిలో దీక్షకు సంబంధించిన ఒక సర్వరుకు రక్షణ లేకుండ వదిలేసిన సంగతి వైర్డ్ పత్రిక బయటపెట్టింది. పది లక్షలకు పైగా టీచర్ల పేర్లు, ఫోన్ నంబర్లు, ఈమెయిళ్ళు అందులో బహిరంగంగ పడి ఉన్నయి. లక్షలాది విద్యార్థుల సమాచారం కూడ ఉన్నది. టెక్నాలజీని జాగ్రత్తగ వాడుడు ఎట్లనో టీచర్లకు నేర్పే వేదికకే ఆ జాగ్రత్త లేకపోయింది. పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పొద్దని మనకు పాఠం చెప్పినోళ్ళు ఇల్లు తలుపు తీసి పెట్టి పోయిన్రు. మన సమాచారం ఎవరు తీసుకుంటున్నరు, ఎందుకు తీసుకుంటున్నరు, ఎన్నాళ్ళు ఉంచుకుంటరు అని అడిగే హక్కు ప్రతి టీచరుకు ఉన్నది.

ఎవరి తెలుగులో?

మూడో సంగతి భాష. ఢిల్లీలో ఇంగ్లీషులోనో హిందీలోనో తయారైన కోర్సును తెలుగులోకి మారుస్తరు. ఆ తెలుగు ఎట్లుంటది? 'సమ్మిళిత అభ్యసన వాతావరణ నిర్మాణానికి సాంకేతిక సమాకలనం' అన్నట్టుంటది. తెలుగు పండితుడు కూడ రెండుసార్లు చదువుకోవాలె. ఇంగ్లీషులో చూస్తే సగం అర్థమైతది, తెలుగులో చూస్తే ఆ సగం కూడ పోతది. మన పిల్లల భాషను తరగతి గదిలో తప్పని అన్న రోజులు మనం చూసినం, ఆ అవమానం మనకు తెలుసు. టీచరుకు నేర్పే పాఠం టీచర్లు స్టాఫ్ రూములో మాట్లాడుకునే తెలుగులో ఉంటే ఏం పోతది? 'ఫైల్ సేవ్ చెయ్యి' అంటే అందరికీ తెలుస్తది. 'దస్త్రమును భద్రపరచుము' అంటే ఎవరికి తెలుస్తది? ఉర్దూ మీడియం టీచర్లను, ఇంటిదగ్గర గోండి, లంబాడీ మాట్లాడే పిల్లలకు పాఠం చెప్పే ఏజెన్సీ టీచర్లను మరి అడగనే వద్దు.

భాషతో ముడిపడ్డ ఒక చిన్న పనికొచ్చే సంగతి చెప్తా. మన టీచర్లు ఏండ్ల తరబడి ప్రశ్నపత్రాలు అను ఫాంట్లలో డీటీపీ సెంటర్లో టైపు చేయించిన్రు. ఆ ఫైలు ఇంకో కంప్యూటర్లో తెరిస్తే అక్షరాలు గజిబిజి అయితయి. ఫోన్లో అసలే కనపడవు. కారణం, అందులో తెలుగు అక్షరాలు నిజంగ తెలుగు అక్షరాలుగ నిలవ ఉండవు. ఇంగ్లీషు అక్షరాల మీద తెలుగు బొమ్మ తొడిగినట్టు ఉంటయి. యూనికోడ్‌లో టైపు చేస్తే ఏ ఫోన్లోనైనా, ఏ కంప్యూటర్లోనైనా అదే అక్షరం కనపడుతది, వెతికితే దొరుకుతది. ఈ ఒక్క సంగతి, ఫోన్లో నోటితో చెప్పి తెలుగు టైపు చేసే ఉపాయం, ఈ రెండూ నేర్పితే ఒక టీచరుకు ఏడాదిలో ఎన్ని పూటలు మిగులుతయో లెక్క కట్టండి. టీచరుకు కావలసిన శిక్షణ ఇట్లాంటిది. టెక్నాలజీ ప్రాముఖ్యత మీద నలభై నిమిషాల ఉపన్యాసం కాదు.

మంచి శిక్షణ ఎట్లుంటది?

విమర్శ చేసి దిగిపోతే లాభం లేదు. ఎట్లుండాల్నో కూడ చెప్పాలె. నా సబ్జెక్టులోనే ఉదాహరణ చెప్తా. త్రిభుజంలో మూడు కోణాల మొత్తం 180 డిగ్రీలు. బోర్డు మీద ఒక త్రిభుజం గీసి చెప్తే పిల్లలు ఆ ఒక్క త్రిభుజానికే నమ్ముతరు. జియోజీబ్రా అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉన్నది. అందులో త్రిభుజం గీసి ఒక మూలను పట్టి లాగితే ఆకారం మారుతది, కోణాలు మారుతయి, మొత్తం మాత్రం 180 దగ్గరే ఉంటది. పిల్లను పిలిచి లాగమనాలె. ఎంత సన్నగ లాగినా, ఎంత వెడల్పుగ లాగినా మారదు. అప్పుడు ఆ పిల్లే 'ఎందుకు మారుతలేదు సార్?' అని అడుగుతది. నిరూపణ చెప్పాల్సిన ఘడియ అదే. సాఫ్ట్‌వేర్ ప్రశ్న పుట్టిస్తది, జవాబు దాకా నడిపించేది టీచరే.

ఈ పాఠాన్ని టీచరుకు ఎట్లా నేర్పాలె? పది నిమిషాల వీడియో, ఇంటర్నెట్ లేకున్నా నడిచే ఫైలు, ఒక పేజీ కాగితం. టీచరు దాన్ని తన తరగతిలో తనకు కుదిరిన వారంలో చెయ్యాలె. పిల్లలు ఏమన్నరో, ఎక్కడ తికమక పడ్డరో రాసుకోవాలె. నెలకోసారి కాంప్లెక్స్ సమావేశంలో తోటి లెక్కల టీచర్లతో చెప్పాలె. అక్కడ ఇంకొకాయన తన అనుభవం చెప్తడు. చూసుడు, చేసుడు, చెప్పుకొనుడు. శిక్షణంటే ఈ మూడూ. ఇప్పటి కోర్సుల్లో మొదటిదే ఉన్నది.

ఇది గాలిలో మేడ కాదు. మన దగ్గరే జరిగింది. టాటా సామాజిక శాస్త్రాల సంస్థ, అమెరికాలోని ఎంఐటీ, టాటా ట్రస్ట్స్ కలిసి 2015 ప్రాంతంలో క్లిక్స్ అనే కార్యక్రమం మొదలుపెట్టినయి. నాలుగు రాష్ట్రాల్లో నడిచింది. అన్నిటికన్నా ఎక్కువ బడులు, సుమారు 300 ప్రభుత్వ ఉన్నత పాఠశాలలు, తెలంగాణలోనే. లెక్కలు, సైన్స్, ఇంగ్లీషులో పిల్లలే కంప్యూటర్ ముందు కూసొని చేసే పాఠాలు. టీచర్లకు శిక్షణతో పాటు ఫోన్లో సబ్జెక్టువారీ గ్రూపులు. దానికి యునెస్కో 2017 సంవత్సరపు బహుమతి కూడ వచ్చింది. ప్రాజెక్టు గడువు ముగిసింది. బహుమతి తెచ్చిన అనుభవం మన బడుల్లోనే ఉన్నది, దాన్ని నడిపిన టీచర్లు మన నడుమనే ఉన్నరు. వాళ్ళను పిలిచి అడిగే బదులు ప్రతిసారీ కొత్త కంపెనీని, కొత్త యాప్‌ను వెతుకుతున్నం.

కేరళను చూడండి. 2001లో ఐటీ ఎట్ స్కూల్ మొదలుపెట్టిన్రు. బయటి కంపెనీ ఇన్‌స్ట్రక్టర్ల మీద ఆధారపడకుండ, బడి టీచర్లలోంచే మాస్టర్ ట్రైనర్లను తయారు చేసుకున్నరు. లైసెన్సు ఫీజుల బాధ లేని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకున్నరు. 2017లో దాన్నే కైట్ అనే ప్రభుత్వ సంస్థగ మార్చిన్రు. ఆన్‌లైన్ కోర్సులూ పెట్టుకున్నరు. అయినా 2024లో ఏఐ మీద 80 వేల మంది టీచర్లకు శిక్షణ ఇయ్యాల్సి వస్తే, మూడు రోజులు ముఖాముఖి తరగతులకే పిలిచిన్రు. ఆన్‌లైన్ తెలియక కాదు. కొత్త పనిముట్టును మొదటిసారి పట్టుకునేటప్పుడు పక్కన మనిషి ఉండాలని ఇరవై ఏండ్ల అనుభవంతో తెలుసు గనుక.

మనకు ఇంకో బలమున్నది. 2024లో కొత్తగ కొలువులోకి వచ్చిన పిల్లలకు ఫోను, కంప్యూటర్ చేతిలో ఆట. తరగతి నడుపుడు ఇంకా నేర్చుకోవాలె. ఇరవై అయిదేండ్ల సర్వీసున్న టీచరుకు తరగతి కొట్టిన పిండి. ఫోను అంటే బెరుకు. ఈ ఇద్దరినీ జంట కలపండి. ఆమె ఈయనకు ఫైలు తెరుచుడు చూపిస్తది, ఈయన ఆమెకు వెనక బెంచీ పిల్లవాణ్ణి దారికి తెచ్చుడు చూపిస్తడు. 'సార్, ఇది ఇట్ల నొక్కాలె', 'అమ్మా, వాణ్ణి ముందు పేరు పెట్టి పిలువు'. ఇంతకన్నా చవకైన శిక్షణ లేదు, ఇంతకన్నా నిలిచేది లేదు.

మనం అడగాల్సినవి

కాబట్టి మన డిమాండ్లు స్పష్టంగ ఉండాలె.

ఒకటి, శిక్షణ సమయం బడి సమయంలోనే ఉండాలె. వారానికి రెండు పీరియడ్లు టైంటేబుల్లో రాయాలె. ఏకోపాధ్యాయ బడులకు ఆ పూట వేరే టీచరును పంపాలె. ఖాళీలు ఎప్పటికప్పుడు నింపాలె.

రెండు, ఏది నేర్చుకోవాల్నో ఎంచుకునే హక్కు టీచరుకు ఉండాలె. పదిహేను రోజుల గడువులు, వెనకబడ్డోళ్ళ జాబితాలు బంద్ కావాలె.

మూడు, పనిముట్టు, ఇంటర్నెట్ బడివి కావాలె. సొంత ఫోను తప్పనిసరి అనొద్దు.

నాలుగు, పాఠాలు మన టీచర్లే తయారు చెయ్యాలె. తెలుగులో, ఉర్దూలో, మాట్లాడే భాషలో ఉండాలె. ఇంటర్నెట్ లేకున్నా నడవాలె.

ఐదు, సర్టిఫికెట్ పది ప్రశ్నలకు కాదు, తరగతిలో చేసి, కాంప్లెక్స్‌లో చూపించిన పాఠానికి ఇయ్యాలె.

ఆరు, టీచర్ల, పిల్లల సమాచారానికి జవాబుదారీ ఎవరో రాతపూర్వకంగ చెప్పాలె.

మిత్రులారా, డిమాండ్లు సర్కారు మీద పెట్టినంక మన మీద కూడ ఒకటి పెట్టుకోవాలె. జవాబులు గ్రూపులో పెట్టే అలవాటు మనమే మానుకోవాలె. అర్థం కాని కోర్సును చూసినట్టు నటించే బదులు, ఇది పనికిరాదు అని సంఘం తరఫున రాసి పంపాలె. పనికొచ్చే కోర్సుంటే పక్క బడి టీచరుకు చెప్పాలె. మనం దొంగ శాతాలు ఇచ్చినంత కాలం సర్కారు దొంగ శిక్షణే ఇస్తది. అసలు నష్టం మన ఎదురుగ బెంచీ మీద కూసున్న పిల్లలకు.

టీచరు ఒక్కసారి నేర్చుకుంటే ముప్పై ఏండ్లు చెప్తడు. అంత కాలం పంటనిచ్చే చెట్టుకు నీళ్ళు పొయ్యడానికి వారానికి గంటన్నర లేదంటే ఎట్లా? ఆ గంటన్నర మనకు దయతో ఇచ్చేది కాదు, చట్టంలోని 45 గంటల్లోనే ఉన్నది. దాన్ని టైంటేబుల్ మీదికి ఎక్కించుడే మన ముందున్న పని. వచ్చే కాంప్లెక్స్ సమావేశంలో ఈ మాట మొదలుపెట్టండి.